మునిగిన ఓడకు టిక్కెట్టు

పదునాలుగు దీవులపై పరచుకొని, ఎటు నడచినను నీరే యెదురువచ్చు స్టాక్‌హోం నగరమున ఉద్యోగము చేయుచున్న మా అల్లుడు, అత్తమామలను ఊరక కూర్చుండనీయరాదన్న సంకల్పముతో, మేము దిగిన మరునాడే మమ్ము నగర సందర్శనమునకు బయలుదేరదీసెను. ఆషాఢమాసము. రాత్రి తొమ్మిది దాటినను ఎండ తగ్గదు. దీపము పెట్టకుండ రాత్రి భోజన మెట్లని మా ఆవిడయు, ఆ దీపము వేళ వఱకు నేను బ్రతికియుండు టెట్లని నేనును దినదినము వాదులాడుకొనుచుంటిమి.

1923లో పూర్తియైన నగర మందిరమున, నోబెల్ విందు జరుగు 'నీలి శాల' కలదు. నీలమును వెదకుచు నాలుగు గోడలును చూచితిని. అంతయు ఎఱ్ఱని యిటుకయే! నీలిరంగు పూయ నిశ్చయించిన శిల్పి రాగ్నార్ ఓస్ట్‌బెర్గ్, కట్టిన ఇటుకల సొగసు చూచి మనసు మార్చుకొనెనట. పేరు మాత్రము నిలిచిపోయెను. ఇంటిపేరు కస్తూరివారన్న సామెతలోని రెండవ సగము ఆ చక్కని శాలకు చెల్లదు గాని, మొదటి సగము నాకు జ్ఞాపకము రాక మానలేదు.

ఇక వాసా ఓడ. గుస్తావ్ అడాల్ఫ్ రాజు కట్టించిన యీ యుద్ధనౌక, 64 ఫిరంగులతో, శిల్పాలంకార శోభితమై, 1628 ఆగస్టు 10న, పురజనులు ఒడ్డున నిలిచి కన్నులపండువుగా చూచుచుండగా బయలుదేరి, 1300 మీటర్లు పోవునంతలో గాలికి ఒరిగి, తెఱచియున్న ఫిరంగి కిటికీల గుండ నీరు చొరబడగా, శత్రుముఖమైనను చూడకయే రేవులో మునిగెను. పైబరువు హెచ్చని ముందు తెలియకపోలేదు. ముప్పదిమందిని ఆ ప్రక్కనుండి యీ ప్రక్కకు పరుగెత్తించి పరీక్షింపగా, మూడవ పరుగునకే ఓడ విపరీతముగా ఊగినదట. అంతట అధికారులు పరుగు మాన్పించిరి గాని ప్రయాణము మాన్పింపలేదు! తరువాత విచారణ జరిగెను. కట్టిన ప్రధాన శిల్పి అంతకుముందే గతించెను; కొలతల నామోదించినది సాక్షాత్తు రాజుగారు; ఇక నేరమెవరిదని తేలును?

బాల్టిక్ నీటిలో ఉప్పు చాలమి కొయ్యదొలుచు పురుగు లచట మనజాలవట. అందుచే 333 ఏండ్లు అడుగున పడియుండియు, 1961లో పైకెత్తగా, ఓడ చాలవఱకు చెక్కుచెదరక వచ్చెను. యుద్ధములు గెలిచిన నావలు ఏ పొయ్యిలోని కట్టెలైనవో గాని, ఒక్క దినమైనను కొలువుచేయని దీనికి ఇల్లు కట్టి టిక్కెట్టు పెట్టిరి. ఎస్సెల్సీ మూడుమాఱులు తప్పిన నాకు దానిపై బంధుప్రీతి కలుగుటలో వింతలేదు.

సాయంకాలము, అనగా గడియారము చెప్పిన సాయంకాలము, పాతనగరమునకు పోవు పడవ కడ నేను వెనుకాడి, "ఇందులో ముప్పైమందిని పరుగెత్తించి చూశారా?" అని అల్లుని అడిగితిని.

"ముప్పైమంది దేనికండీ? మీరొక్కరు ఎక్కితే తెలిసిపోదూ!" అనెను మా ఆవిడ.

అల్లుడు మర్యాదస్థుడు, నీటివైపు మొగము త్రిప్పుకొనెను. నేను ఎక్కితిని. పడవ కొంచెము ఒరిగిన మాట నిజమే.