కబాబుల పెద్దాయన

ఆబిడ్స్, నాంపల్లి వీధుల్లో సాయంత్రం పూట తరచుగా కనిపించే రకం కబాబుల పెద్దాయన. వయసు అరవై దాటి ఉంటుంది. సర్కారీ దఫ్తరులో పనిచేసి రిటైరై ఉంటాడు. ఇల్లు వనస్థలిపురంలోనో కూకట్‌పల్లిలోనో కట్టుకున్నా, తిండి మాటొస్తే ఇప్పటికీ ఆబిడ్స్ వాసే. ఇంట్లో గ్యాస్ పొయ్యి ఎటు తిప్పితే వెలుగుతుందో తెలియదు గానీ, బొగ్గుల సెగ ఎంతుండాలో అడిగితే ఆఖరి బస్సు వెళ్లిపోయేదాకా చెబుతాడు.

ఇతని శాస్త్రానికి మూలసూత్రం ఒకటే: మూతపడిన హోటల్ రుచి తెరిచి ఉన్న హోటల్‌కు రాదు. మఖ్దూం మొహియుద్దీన్ లాంటి కవులు చాయ్ మీద గంటలు గడిపిన ఓరియంట్ హోటల్ ఇప్పుడు లేదు కాబట్టి పట్టికలో మొదటి స్థానం దానిదే. అక్కడ ఏం తిన్నావని నిలదీస్తే చాయ్, ఉస్మానియా బిస్కట్ తప్ప మరో పేరు బయటికి రాదు. కబాబు సంగతేమిటంటే "అది వేరే లెక్క" అంటాడు. ఇరానీలు 1935లో పెట్టిన గ్రాండ్ హోటల్‌ది పాపం రెండో స్థానమే. అది చేసిన తప్పల్లా ఇంకా నడుస్తూ ఉండటం. ఏ హోటల్‌కు వెళ్లినా పెద్దాయన ముందు కుర్చీని పరీక్షిస్తాడు. కుర్చీ కొత్తదైతే కబాబు రాకముందే తీర్పు వచ్చేస్తుంది.

పత్థర్ కా గోష్త్ దగ్గర ఇతని పాండిత్యం పరాకాష్ఠకు చేరుతుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వేటకు వెళ్లినప్పుడు వంటవాళ్లు సీకులు మరిచిపోయారనీ, దొరికిన బండనే కాల్చి దానిమీద మాంసం వేశారనీ హైదరాబాదులో ఒక కథ ఉంది. ఆ బండ తానే మోసినట్టు పెద్దాయన చెబుతాడు. కథ ఎలా ఉన్నా పద్ధతి మాత్రం గట్టిది. ఎముక తీసిన మాంసాన్ని పలచగా కొట్టి, పచ్చి బొప్పాయి, అల్లం వెల్లుల్లి, మిరియాలు పట్టిస్తారు. బొప్పాయిలోని పపెయిన్ కండను మెత్తబరుస్తుంది, నానబెట్టే వేళ మితిమీరితే ముద్ద చేసేస్తుంది. కింద బొగ్గులతో కాగిన గ్రానైటు పలక ఆ మాంసాన్ని అడుగు నుంచి సమంగా కాలుస్తుంది. సీకు కబాబులో కొవ్వు కరిగి నిప్పుల మీద చుక్కలుగా పడుతుంది, ఆ పొగే తిరిగి మాంసానికి పడుతుంది. బండ మీద ఆ చుక్క నిప్పుకు చేరదు కాబట్టి పొగ తక్కువ, మాంసం రుచి ఎక్కువ. ఈ ఒక్క విషయంలో పెద్దాయన మాట వినదగిందే. అందుకే కాబోలు, ఇంట్లోవాళ్లు సరిగ్గా ఇక్కడే లేచి వెళ్లిపోతారు.

మిగతా ప్రపంచాన్ని ఇతను త్వరగా తేల్చేస్తాడు. లక్నో గలావటి కబాబు పళ్లు లేనివాళ్లకు. అరకులో పచ్చి వెదురు బొంగులో కూరి నిప్పుల మీద కాల్చే కోడి "గాలాడక చచ్చింది". డాలస్ నుంచి వచ్చిన మేనల్లుడు టెక్సస్ బ్రిస్కెట్ గురించి ఉత్సాహంగా మొదలుపెడతాడు.

"మామా, సన్నటి సెగ మీద పొగలో పన్నెండు గంటలు పెడతారు."

"పన్నెండు గంటలా? పొయ్యి ఆరిపోయిందని ఎవరూ చెప్పలేదారా వాళ్లకు?"

క్షేత్ర పర్యటన నుమాయిష్‌లో జరుగుతుంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో నాంపల్లి మైదానానికి మారిన ఈ ప్రదర్శన ఏటా సాధారణంగా జనవరి 1న తెరుచుకుంటుంది. భార్య లక్నో చికన్ చీరల దగ్గర, మనవలు జెయింట్ వీల్ దగ్గర ఉంటే, పెద్దాయన గాలివాలు చూసుకుని పొగకు ఎదురుగా నడుస్తాడు. కళ్లు మండితే బొగ్గు మంచిదంటాడు, మండకపోతే కరెంటు పొయ్యి అని శంకిస్తాడు. విసనకర్ర ఊపే కుర్రాడికి "భాయ్, ధీరే ధీరే" అని సలహా కూడా ఇస్తాడు. ఆ కుర్రాడు తలూపి, మునుపటికంటే జోరుగా ఊపుతాడు.

ఇతనికి అన్నిటికంటే ప్రియమైనది షికంపురి. ఎవరైనా దొరికితే ఆబిడ్స్‌లో కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని, ఆ బొగ్గు వాసనను వర్ణిస్తాడు. ప్లేటు తెచ్చిన బేరర్ మర్యాదగా చెబుతాడు: "సాబ్, యే తో తవే పే తల్తే." నిజమే. కీమా, శనగపప్పు కలిపి ఉడికించి నూరి, నడుమ గడ్డపెరుగు, ఉల్లిపాయ, పుదీనా పెట్టి పెనం మీద వేయించే ఆ కబాబు బొగ్గు ముఖమే చూడదు. పెద్దాయన తొణకడు. "అప్పట్లో కాల్చేవాళ్లు" అంటాడు. అప్పట్లో అన్న మాటకు ఎదురు సాక్ష్యం దొరకదు కదా.

తిన్నాక తీర్పు చెప్పడం ఆనవాయితీ. మసాలా మొద్దుబారింది, ఉల్లిపాయ మందంగా కోశారు, నిమ్మకాయలో రసం లేదు, పాత చేతి వాటం పోయింది. ఈ లోపాలన్నీ ఏకరువు పెట్టేసరికి ప్లేటులో ముక్క మిగలదు, పక్కవాడి ప్లేటులో కూడా. బిల్లు వచ్చేసరికి చేతులు కడుక్కోవడానికి లేస్తాడు. తిరిగొచ్చి, తిట్టిన కబాబులే మరో రెండు ప్లేట్లు ఇంటికి కట్టమని, పుదీనా చట్నీ కాస్త ఎక్కువ వేయమని చెబుతాడు.