తూకానికి పోతున్న ఉంగరాలు

హైదరాబాద్ శివారు పేట్ బషీరాబాద్‌లో నాగపూర్ రోడ్డు పట్టుకుని పోతే ఇప్పుడు నగల షోరూములకు కొదవ లేదు. ఏసీ ఉంది, కూల్‌డ్రింకు ఇస్తారు, కంప్యూటర్ బిల్లు చేతిలో పెడతారు. రాయి గురించి నాలుగు ముక్కలు చెప్పే మనిషి మాత్రం దొరకడు.

మా రోజుల్లో కొంపల్లి నుంచి మేడ్చల్ దాకా ద్రాక్షతోటలే. వెండి ఉంగరం కావాలంటే ఊళ్లో అవుసులాయన ముందు కూర్చోవాలి, లేదా బస్సెక్కి చార్‌కమాన్, పత్తర్‌గట్టీ పోవాలి. తూకం గురిగింజలతో. గింజ ఎత్తును రత్తి అంటారు, సుమారు 0.12 గ్రాములు, క్యారెట్ 0.2 గ్రాములు. అయిదు రత్తుల పగడమంటే మూడు క్యారెట్లన్నమాట. ఆ లెక్క చదువురాని రైతుకూ తెలుసు.

ముత్యానికి సోమవారం, పగడానికి మంగళవారం, నీలానికి శనివారం. నీలమంటే అందరికీ జంకే. మూడు రాత్రులు తలగడ కింద పెట్టుకుని పడుకోవాలి. పీడకల వచ్చిందా, తెల్లారి తెచ్చినచోటే ఇచ్చేయాలి. "అచ్చిరాలేదు సేటూ" అంటే చాలు, తెలిసిన దుకాణదారు మారుమాట లేకుండా వెనక్కి తీసుకునేవాడు. ఇప్పుడు ఆ మాట అని చూడండి, బిల్లు వెనక అచ్చేసిన షరతులు చూపిస్తారు.

మా నాయినకు పగడపు ఉంగరం ఉండేది. రాయి చుట్టూ వెండి గూడు, వేలికి తగలాలని అడుగున కన్నం. పట్టీ అరిగి వదులైతే వెనకవైపు నూలు దారం చుట్టుకున్నాడు. చెమటకూ మట్టికీ ఆ దారం కూడా వెండిలాగే నల్లబడింది. పండక్కి అమ్మ చింతపండుతో తోమబోతే ఒప్పుకునేవాడు కాదు. పగడం గనిలో పుట్టేది కాదు, సముద్రపు జీవులు కట్టుకునే సున్నపు గూడు. పులుపు తగిలితే నునుపు పోతుంది. ముత్యానికీ అంతే. రసాయనం పేర్లు నాయినకు తెలియవు, చేయకూడని పని మాత్రం తెలుసు. ఈ ఒక్క సంగతైనా అమ్మేటప్పుడు చెప్పే షోరూం నాకింతవరకు తగల్లేదు.

ముస్లిం దోస్తుల వేళ్లకు అకీక్, ఫిరోజా రాళ్లు ఉండేవి. ఫిరోజాల్లో ఇరాన్‌లోని నిషాపూర్‌దే మేలు. దాని నీలిరంగు పచ్చబారితే, మనిషి మీదికొచ్చిన ఆపదను రాయి తన మీదికి తీసుకుందనేవారు. చెమట, చర్మపు జిడ్డు పీల్చి రంగు మారుతుందంటుంది శాస్త్రం. ఎలా నమ్మినా ఆ ఉంగరాన్ని కంటికి రెప్పలా చూసుకునేవారు, నూనె పని ముట్టుకునేముందు తీసి జేబులో వేసుకునేవారు.

నకిలీ అప్పుడు లేదని నేననను. ఫ్రాన్స్‌లో వెర్నూయి అనే ఆయన 1902లోనే కృత్రిమ కెంపు చేసే పద్ధతిని లోకానికి చెప్పాడు. పాత ఉంగరాల్లో అవీ ఉంటాయి. అయితే అప్పుడు జాతిరాయా కాదా అని నలుగురికి చూపించి, బేరమాడి, ఆగి కొనేవారు. ఇప్పుడు టీవీలో జ్యోతిష్కుడు పేరూ పుట్టినతేదీ అడిగి రెండు నిమిషాల్లో రాయి తేల్చేస్తాడు, మూడోరోజు పార్సిల్ గుమ్మంలో ఉంటుంది. పగుళ్లలో సీసపు గాజు నింపిన కెంపో, ఒట్టి గాజో, చూసే ఓపిక ఎవరికీ లేదు. మన నేలలోని రాళ్ల ఊసూ ఎవరికీ పట్టదు. కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట గుట్టలో గార్నెట్ రాయి ఉంది, పురాతన కాలంలోనే పూసలుగా అరికమేడు రేవు దాకా పోయిందని పరిశోధకులు తేల్చారు. దాని పేరు మాత్రం ఆ టీవీలో వినపడదు.

నా కడుపు మండేది ఇంకో విషయానికి. వెండి కిలో లక్ష దాటిందగ్గర్నుంచి బీరువాల్లోని పాత ఉంగరాలన్నీ ఎక్స్ఛేంజికి పోతున్నాయి. నాయిన ఉంగరాన్నీ మా ఇంటివాళ్లు అలాగే పట్టుకుపోయారు. కౌంటర్‌లో కుర్రాడు పట్టుకారుతో గూడు విరిచి, రాయి బరువు తీసేసి, వెండికి లెక్క కట్టాడు. పగడాన్ని ప్లాస్టిక్ సంచిలో వేసి ఇచ్చాడు. అంచు చిట్లింది. ఏళ్లతరబడి చేతికున్న ఉంగరానికి వాళ్లు కట్టిన విలువ ఆ నాలుగు గ్రాముల వెండే.

మీ ఇంట్లో నల్లబడిన వెండి ఉంగరం ఉంటే తూకానికి వేయకండి. ముందు రాయిని రత్నాలు పరీక్షించే ల్యాబ్‌లో చూపించండి. ఎవరిది, ఎక్కడ చేయించారు, ఎందుకు పెట్టుకున్నారు, తెలిసిన పెద్దవాళ్లు ఉండగానే అడిగి, కాగితం మీద రాసి ఉంగరంతోపాటు దాచండి.