నవల రాయకుండా నవలాకారుడు కావడం ఎట్లా?

ఉదయగిరి బళ్లో పాఠాలు చెబుతూనో, ఆత్మకూరు ఆఫీసుల్లో ఫైళ్లు కదుపుతూనో, సాయంత్రాలు నవలో నాటకమో రాయాలనుకునేవాళ్లు మా వైపు చానామంది ఉన్నారు. పాపం, వాళ్లకు వాయిదా వెయ్యడం కూడా సరిగ్గా చేతకాదు. 'రేపు చూద్దాంలే' అంటారు, మర్నాడు సిగ్గుపడతారు. ఆ సిగ్గే ఏదో ఒక రాత్రి పట్టి కూర్చోబెట్టి నాలుగు పేజీలు రాయించేస్తుంది. ఆ గండం తప్పాలంటే వాయిదాకు చరిత్ర అండ కావాలి. పడమటి నెల్లూరులో దానికి కొదవ లేదు.

మొదటిది ముట్టడి పద్ధతి. కృష్ణదేవరాయలంతటివాడు 1513లో ఉదయగిరి దుర్గం చుట్టూ సేనలు దించితే, గజపతుల చేతిలోంచి అది ఊడివచ్చింది 1514లో. దగ్గర దగ్గర ఏడాదిన్నర. మీరూ నవల చుట్టూ దండు దించండి, లోపలికి మాత్రం అడుగుపెట్టొద్దు. కొత్త డైరీ కొనండి. కుర్చీ మార్చండి. ఫోన్లో తెలుగు టైపింగ్ యాప్‌లన్నీ ఎక్కించి, ఏది మేలో నెలరోజులు పోల్చి చూడండి. 'ఏం అబ్బయా, ఎందాకా వచ్చింది నీ నవల?' అని ఎవరన్నా అడిగితే 'ముట్టడి నడుస్తోంది' అనండి. రాయలు ఆ ఏడాదిన్నరా గుడారంలో కూర్చోలేదనీ, బండలు పగలగొట్టించి కొండమీదికి బాటలు వేయించాడనీ పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాసిపెట్టాడు. ఆ పేజీ తిప్పెయ్యండి.

ఒంటరిగా వాయిదా వెయ్యలేనివాళ్లకు జంట పద్ధతి ఉంది. నంది మల్లయ, ఘంట సింగయ మేనమామా మేనల్లుళ్లు. 15వ శతాబ్దంలో ఇద్దరూ కలిసి 'ప్రబోధచంద్రోదయం' రాసి, ఉదయగిరి పాలకుడి మంత్రి గంగయకు అంకితమిచ్చారు. మీరూ మీ బామ్మర్దిని జంటకవిగా పెట్టుకోండి. మొదటి అధ్యాయం ఆయన రాస్తాడని మీరు, మీరు రాస్తారని ఆయన నిశ్చింతగా ఉంటారు. ఆరు నెలల తర్వాత ఆత్మకూరు బస్టాండులో ఎదురుపడినప్పుడు సంభాషణ ఇట్లా సాగాలి:

'బావా, అయిపోయిందా?'

'నీ దగ్గరే ఉంది గదా?'

'నీ దగ్గరుందనుకున్నానే!'

ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. బంధుత్వమూ చెడదు.

ఇక పరిశోధన. సోమశిల జలాశయంలో 78 టీఎంసీలు పడతాయి. మీ జ్ఞానం కూడా ఆ మట్టానికి వచ్చేదాకా ఒక్క గేటూ ఎత్తకండి. కథలో ఒక పాత్ర బస్సెక్కుతుందంటే ఆర్టీసీ చరిత్ర చదవాలి. ఇంకొకడు బత్తాయి తోటలో నిలబడితే ముందు బత్తాయి మన దేశానికి ఎప్పుడొచ్చిందో తేల్చాలి. ఈలోగా పుస్తకానికి ముఖచిత్రం వేయించి వాట్సాప్ స్టేటస్‌లో పెడితే అభినందనలు ఎట్లాగూ వస్తాయి. అభినందనలు వచ్చాక ఇంక రాయడమెందుకు?

ఇంత చేసినా ఏదో ఒకటి మొదలైపోయిందనుకోండి, బెంగ వద్దు, సగంలో వదిలెయ్యొచ్చు. దీనికి మహాభారతమే సాక్ష్యం. 11వ శతాబ్దంలో నన్నయ అరణ్యపర్వం నడుమ ఆగిపోయాడు. 13వ శతాబ్దంలో మన నెల్లూరు తిక్కన ఆ మిగిలింది ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. ఆ ఖాళీ పూడ్చడానికి 14వ శతాబ్దంలో ఎర్రన రావాల్సొచ్చింది. కాబట్టి మీ మూడో అధ్యాయాన్ని పూర్తిచేసేవాడు ఎక్కడో పుట్టబోతున్నాడు. అతని నోటికాడ కూడు మీరు లాక్కోవడం న్యాయం కాదు.

తిక్కనతో ఒక చిక్కుంది, ముందే చెబుతున్నా. ఆయనదీ ఉద్యోగమే. మనుమసిద్ధి కొలువులో మంత్రి. రాజకార్యాలు చూసుకుంటూనే 15 పర్వాలు రాసేశాడు. 'ఆఫీసు పనితో తీరిక ఎక్కడిది సార్' అనేవాళ్లను జిల్లా మొత్తంలో ఇంతగా ఇరుకునపెట్టే మనిషి మరొకడు లేడు. సభలో ఆయన పేరు వినబడగానే టీ తాగే వంకతో లేచి బయటికొచ్చెయ్యండి.

అయితే తిక్కన ఎప్పటివాడో గనక తప్పించుకోవచ్చు. ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే ఆడవాళ్లను తప్పించుకోవడమే కష్టం. బిక్కి, దేవదారి లాంటి కొండచెట్ల కొయ్యతో గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు చెక్కుతారు. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. వంటా వార్పూ పిల్లల గోలా వాళ్లకూ ఉన్నాయి. అయినా గరిటె చెయ్యబోతున్నామని ఊరంతా చెప్పుకోరు, దాని ముఖచిత్రం వేయించరు. కాడ వంకరపోతే ఇంకో ముక్క అందుకుంటారు. మీ వాయిదాకు ఇంతకన్నా ప్రమాదకరమైన దృశ్యం ఉండదు. ఆ వీధిగుండా పోవాల్సొస్తే ఫోన్లోకి తల వంచుకుని నడవండి.

ఈ చిట్కాలన్నీ పొల్లు పోకుండా పాటించండి. పొరపాటున ఏదన్నా ఒకటి తప్పి, ఈ సంక్రాంతికే మీ నవల అచ్చయిపోతే, దానికి నా పూచీ లేదు.