పెట్టె మీది అంకె

తెలిసీ తెలియని విద్యతో నలుగురికీ సలహాలు చెప్పినాను. ఆ బాధ నన్ను ఇప్పటికీ వదల్లేదు.

పాత కంప్యూటర్లో హార్డ్ డిస్క్ తీసేసి ఎస్సెస్డీ వేయించుకోవాలంటే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులల్లో తెలిసినవాళ్లు నన్నే అడిగేవాళ్లు. పెట్టె మీది వేగం, దాని కింద ధర, ఈ రెండే చూసి చెప్పేవాణ్ణి. మా ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో కమ్మలు కొనే అవ్వ కూడా గ్రాము ధర విని ఊరుకోదు. తరుగెంత, మజూరీ ఎంత, 916 ముద్ర ఉందా అని అడిగి మరీ కొంటుంది. ఆ ఊళ్లో పెరిగి నేను అడగవలసినవి అడగలేదు.

పులివెందుల దగ్గర చీనీతోట రైతు ఒకాయన వచ్చి, "సామీ, మావోని ల్యాప్‌టాప్ తెరుచుకునేసరికే సగం పొద్దు పోతాంది. ఏది కొనమంటావో నువ్వే చెప్పు" అన్నాడు. కొడుకు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. సెకనుకు 7000 ఎంబీ అని రాసి ఉన్న ఎన్‌వీఎంఈ డ్రైవ్ కొనిపించినాను. ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్నది పీసీఐఈ మూడో తరం స్లాటు. అందులో ఏది పెట్టినా 3500 దగ్గరే ఆగిపోతుంది. మోడల్ నంబరు వెతికి ఉంటే అప్పుడే తెలిసేది.

అసలు ఆ 3500 కూడా ఆ పిల్లవానికి అక్కర్లేదు. విండోస్ తెరుచుకునేటప్పుడు చదివేది ఎక్కువగా అక్కడక్కడా చెదిరి ఉన్న చిన్న చిన్న ముక్కలు. హార్డ్ డిస్కులో ఒక్కో ముక్క కోసం ముల్లు జరగాలి, పళ్లెం తిరిగి రావాలి. దానికే పది మిల్లీసెకన్ల పైన పడుతుంది. ఎస్సెస్డీలో జరిగేదీ లేదు, తిరిగేదీ లేదు. కాబట్టి 550 ఎంబీ దాటని మామూలు సాటా ఎస్సెస్డీ వేసినా ఆ నిరీక్షణ పోతుంది. అక్కడినుంచి ఎన్‌వీఎంఈకి వెళ్తే పెద్ద ఫైళ్లు కాపీ చేసేటప్పుడు తేడా బాగా కనిపిస్తుంది గానీ, తెరుచుకోవడంలో కంటికి ఆనేంత ఉండదు. ఆ ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 4 జీబీయే. మిగలవలసిన డబ్బుతో అది పెంచుకుని ఉండొచ్చు. చీనీకాయలు అమ్మిన డబ్బు అది.

జమ్మలమడుగు ఫొటో స్టూడియో తమ్ముని దగ్గర దీనికి సరిగ్గా తలకిందులుగా చేసినాను. పెళ్లికి ముందు జంటలను గండికోటకు తీసుకుపోయి ఫోర్‌కే వీడియోలు తీస్తాడు. నిజంగా వేగం కావలసింది అతనికి. అతనికేమో చవకది చూపించినాను, పెట్టె మీద అంకె ఒకటే కదా అని.

ఆ అంకె ఎంత దాచిపెడుతుందో శాంసంగ్ వాళ్లే ప్రకటించిన లెక్కల్లో కనిపిస్తుంది. 870 ఈవో, 870 క్యూవో, రెండింటికీ సెకనుకు చదివే వేగం 560 ఎంబీ, రాసే వేగం 530. ఈవోలో ఒక్కో సెల్లులో మూడు బిట్లు (టీఎల్‌సీ అంటే ఇదే), క్యూవోలో నాలుగు. నాలుగు బిట్లంటే ఒకే సెల్లులో 16 మెట్లను తేడా రాకుండా నిలపాలి. అందుకే రాయడం నెమ్మది, అరుగుదల ఎక్కువ. ఆ నెమ్మదితనం పైకి కనపడకుండా కొంత భాగాన్ని సెల్లుకు ఒక్క బిట్టు చొప్పున వాడతారు. 1 టీబీ క్యూవోలో ఆ భాగం 42 జీబీ దాకా ఉంటుంది. అది నిండిందంటే రాసే వేగం 80కి పడిపోతుంది. 200 జీబీ వీడియో ఒక్కసారిగా పోస్తే ఈవోలో ఆరేడు నిమిషాల్లో అయ్యేది, ఇందులో అరగంట దాటుతుంది. మొత్తం ఎంత రాయవచ్చో చెప్పే రాత హామీ కూడా 1 టీబీ ఈవోకు 600 టీబీ, 1 టీబీ క్యూవోకు 360. వేగానికి, ధరకు తోడు నేను చూడవలసినవి ఇవి: సెల్లు రకం, నిండిన తర్వాతి వేగం, రాత హామీ.

రైతు కొడుకు ల్యాప్‌టాప్‌కు నా డబ్బుతో 8 జీబీ ర్యామ్ వేయించినాను. ఆయన వద్దంటున్నా వినలేదు. స్టూడియోకు టీఎల్‌సీ డ్రైవ్ మార్పించి, పాత నాలుగు బిట్లదాన్ని పూర్తయిన పెళ్లి వీడియోలకు వాడుకోమన్నాను. ఒకసారి రాసి, అప్పుడప్పుడు చదువుకునే పనికి అది చాలు. రెండో కాపీ మాత్రం హార్డ్ డిస్కులో పెట్టుకోమని గట్టిగా చెప్పినాను. కరెంటు తగలకుండా ఏళ్లతరబడి బీరువాలో పడి ఉంటే ఫ్లాష్ సెల్లుల్లోని విద్యుదావేశం మెల్లగా కారిపోతుంది.