అయిదు నక్షత్రాలు, ఒకే ఒక్క మెట్టు

దేశదేశాల హోటల్ యజమానులకు, చక్రాల కుర్చీలో తిరిగే ప్రయాణికుల తరఫున ముందుగా ఓ నమస్కారం. మీ శ్రద్ధకి వంక పెట్టలేం. పొద్దుటి ఫలహారాల బల్ల మీది పుచ్చకాయ ముక్కకి నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయిస్తారు. దుప్పటి నేతలో దారాలెన్నో లెక్కపెట్టి మరీ ప్రకటిస్తారు. బాత్రూం తలుపు వెడల్పెంత అని అడిగితే మాత్రం కొలతల టేపు ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు. దాని బదులు నీలం రంగు కుర్చీ బొమ్మొకటి అతికించి, పక్కన ‘యాక్సెసిబుల్’ అని రాసి, చేతులు దులుపుకుంటారు.

ఆ బొమ్మకో చరిత్ర ఉంది. 1968లో సుసానె కోఫోడ్ అనే డెన్మార్క్ విద్యార్థిని దాన్ని గీసింది. అప్పటికి దానికి తల లేదు. మరుసటి ఏడు కార్ల్ మోంటాన్ ఓ గుండ్రటి తల చేర్చి, కుర్చీలో మనిషి కనబడేలా చేశాడు. యాభై ఏళ్లు దాటినా ఆ సవరణ సంగతి హోటళ్ల దాకా చేరినట్టు లేదు. కుర్చీ ఉంటుందని వాళ్లకి తెలుసు. అందులో ఓ మనిషి కూర్చుంటాడనీ, ఆ మనిషి స్నానం చేస్తాడనీ, నిద్రపోతాడనీ ఇంకా తెలియదు.

ఫోన్ చేస్తే రిసెప్షన్‌లోంచి తేనెలొలికే గొంతు పలుకుతుంది: “మాదంతా యాక్సెసిబులేనండీ. గుమ్మం దగ్గర ఒకే ఒక్క మెట్టు, అంతే!” ఎక్కగల కాళ్లున్నవాళ్లకే అది ఒక్కటి. వంద కిలోలు దాటే మోటారు కుర్చీకి ఒక్క మెట్టయినా, తిరుమల మెట్లయినా ఫలితం ఒకటే. ఇంకొందరు మరీ ఉదారులు. “దిగులు పడకండి, మా కుర్రాళ్లు ఎత్తుకొస్తారు” అంటారు. సూట్‌కేసుల్లో మనిషినీ ఒకటిగా జమకట్టేశారన్నమాట.

చట్టాలు లేవా అంటే, లేకేం? అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టం ఉంది. దాని 2010 ప్రమాణాలు అంగుళం అంగుళం కొలిచి చెప్పాయి. తలుపు తెరిస్తే కనీసం 32 అంగుళాల దారి ఉండాలి, టాయిలెట్ సీటు 17 నుంచి 19 అంగుళాల ఎత్తులో ఉండాలి. గది బుక్ చేసేటప్పుడే అందులో ఏమేం వసతులున్నాయో వివరంగా చెప్పాలి, కేటాయించిన గదిని ఇంకొకరికి ఇచ్చెయ్యకూడదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడు కూడా వరంలో కొంత మరిచిపోయాడు. కొత్తగా ఈతకొలను కడితే, నడవలేని అతిథి నీళ్లలోకి దిగడానికి లిఫ్టో వాలుదారో పెట్టాలని నియమం ఉంది. మంచం ఎత్తు ఎంతుండాలో మాత్రం ఆ ప్రమాణాల్లో ఎక్కడా లేదు. కుర్చీ సీటు దాదాపు 19, 20 అంగుళాల ఎత్తుంటుంది. పరుపు మీద పరుపు పరిచి పాతిక అంగుళాలు దాటించిన మంచాలు కొల్లలు. మనిషిని ఎత్తి పక్క మీదికి చేర్చే యంత్రం తెచ్చుకున్నా, మంచం అడుగున పెట్టె బిగించేసి ఉంటే దాని కాళ్లు దూరవు. కాబట్టి అతిథి హాయిగా ఈదొచ్చు, పడుకోవడమే కుదరదు.

స్నానం సంగతీ అంతే. 50 గదులు మించని హోటల్లో కుర్చీతో నేరుగా వెళ్లగల షవర్ ఉండాలన్న నిర్బంధం లేదు. టబ్బుకి కడ్డీలూ ఓ సీటూ తగిలిస్తే చట్టం తృప్తిపడుతుంది. మోకాళ్లు అరిగి కుర్చీకెక్కి, అమెరికాలోని పిల్లల్ని చూడబోయిన మన అమ్మానాన్నలకి ఈ టబ్బు గట్టు బాగా పరిచయం. నయాగరాలో జలపాతం దగ్గరికి తీసుకెళ్లే పడవ కుర్చీతో సహా ఎక్కించుకుంటుంది. అంత జలపాతమూ దగ్గరికి రానిస్తుంది కానీ, హోటల్ టబ్బు రానివ్వదు.

ఫ్రాన్సువారిది ఇంకా నాజూకు. ప్రజలు వచ్చిపోయే చోట్లన్నీ 2015 జనవరి 1 కల్లా అందుబాటులోకి రావాలని 2005లో చట్టం చేశారు. గడువు ముంచుకొచ్చే వేళకి, “ఎప్పుడు చేస్తారో కాగితం మీద రాసివ్వండి, ఇంకొన్నేళ్లు ఆగుతాం” అన్నారు. పదేళ్లలో పడని రాంపు అలా కాగితం మీద పడింది. గట్టిగా అడిగితే “పాతకాలపు భవనమండీ, ముట్టుకోకూడదు” అని జవాబు. అదే పాత గోడలోంచి ఏసీ గొట్టాలూ, వైఫై తీగలూ ఎలా వెళ్లాయో అడగకండి. వారసత్వం నొచ్చుకునేది చక్రాలకే.

జపాన్‌లో ఎంత పెద్ద హోటల్ కట్టినా కుర్చీతో వాడుకోగల గది ఒక్కటుంటే చాలన్న నియమం ఉండేది. టోక్యో పారాలింపిక్స్ దగ్గరపడ్డాక, 2019లో దాన్ని మార్చి, 50 గదులు, ఆపైన ఉన్న కొత్త హోటళ్లలో నూటికి ఒకటి చేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో వైకల్యం ఉన్నవాళ్లు ప్రతి ఆరుగురిలో ఒకరు. అందరికీ కుర్చీ అక్కర్లేదు, నిజమే. అక్కరున్న వాళ్లయినా వంతులు వేసుకుని ప్రయాణించాలి కాబోలు.

బుకింగ్ సైట్ల సంస్కారం మరో ఎత్తు. అక్కడ చాలాసార్లు యాక్సెసిబుల్ గది ‘ప్రత్యేక అభ్యర్థన’ కిందికి వస్తుంది. సముద్రం కనబడే కిటికీ, అదనపు దిండు, టాయిలెట్‌కి వెళ్లగలగడం, అన్నీ ఒకే వరసలో ఉంటాయి. కింద చిన్నక్షరాల్లో ‘హామీ ఇవ్వలేం’ అని ఉంటుంది. డబ్బు మాత్రం అభ్యర్థన కాదు, ముందే కోసేసుకుంటారు.

అయ్యా యజమానులారా, భవనాలు కూల్చమనడం లేదు. అయిదు అంకెలు రాయండి చాలు: గుమ్మంలో మెట్లెన్ని, బాత్రూం తలుపు వెడల్పెంత, షవర్ గట్టు ఎత్తెంత, మంచం ఎత్తెంత, మంచం కింద ఖాళీ ఎంత. పక్కన ఆ బాత్రూం ఫొటో ఒకటి. ఇవి చెప్పలేని హోటల్ యాక్సెసిబుల్ కాదు, దాని గోడకి ఎన్ని నీలం బొమ్మలున్నా సరే.

పాఠకులకీ ఓ మాట. ఈసారి విదేశంలో గది వెతికేటప్పుడు, మీ ఇంట్లో కుర్చీ అవసరం ఎవరికీ లేకపోయినా, ఈ అయిదు అంకెలూ అడగండి. అవసరమున్న కొద్దిమంది అడిగితే అది సణుగుడు. డబ్బు కట్టే ప్రతివాడూ అడిగితే అది గిరాకీ. హోటల్ వాళ్లకి అర్థమయ్యే భాష అదే.