చుక్క గుర్తు కింద అసలు రేటు

ఫ్రీమాంట్ తెలుగువాడి ల్యాప్‌టాప్‌లో రెండు ఎక్సెల్ షీట్లు ఉండి తీరతాయి. ఒకటి గ్రీన్‌కార్డు తేదీలది. రెండోది సెల్‌ఫోన్ ప్లాన్లది. మొదటిది కదలదు. రెండోది ఆగదు.

పగలంతా చిప్పులకు డిజైన్లు గీసే బుర్రలివి. టెస్లా ఫ్యాక్టరీలో రోబోలను ఆడించే బుర్రలివి. రాత్రి భోజనాలయ్యాక, నాలుగు లైన్లకు నెలకు ఎంత పడుతుందో తేల్చలేక చతికిలబడుతున్నాయి. లోపం బుర్రలో ఉందా? లేక తేలకూడదనే ఆ లెక్క అలా వేశారా?

ప్రకటన చూడండి. లైనుకు పాతిక డాలర్లే! పక్కన చిన్న చుక్క గుర్తు. కళ్లజోడు సవరించుకుని కిందికి వెళ్లండి. నాలుగు లైన్లు తీసుకుంటేనే. ఆటోపే పెడితేనే. పన్నులూ రుసుములూ అదనం. ఒక్క లైనే కావాలా? అయితే రెండింతల పైమాటే. ఒంటరివాడు చేసిన పాపమేమిటో!

అందుకే మనవాళ్లు కొత్తగా కుటుంబాలు కట్టారు. వాట్సాప్ గ్రూపులో పిలుపు వస్తుంది: "అన్నా, మా ఫ్యామిలీ ప్లాన్‌లో ఒక లైను ఖాళీ ఉంది, ఎవరైనా వస్తారా?" ఎవరా ఫ్యామిలీ? ఎమ్మెస్ నాటి రూమ్మేట్. వాడి బావమరిది. డాలస్‌కు మకాం మార్చి, డబ్బులు పంపడం మానేసిన మిత్రుడు. ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లు ఒకే బిల్లు కింద కాపురం. "బ్రో, ఈ నెలది జెల్ చేస్తావా?" అని అడగలేక ఇంటిపెద్ద మొహమాటంతో చస్తుంటాడు. ఒకడు బయటికెళ్తే మిగిలినవాళ్లందరి రేటూ పెరుగుతుంది. ఇక ఎవడు కదులుతాడు? కంపెనీకి కావాల్సిందీ అదే.

ఆటోపే ముచ్చట ఇంకా బాగుంటుంది. 2023 నుంచి టీ-మొబైల్‌లో ఆ రాయితీ కావాలంటే క్రెడిట్ కార్డు చెల్లదు. డెబిట్ కార్డో, బ్యాంకు ఖాతానో అప్పగించాలి. ఎవరికి? 2021లో 7 కోట్ల మందికి పైగా జనం వివరాలు దొంగలపాలైతే, ఆ దావా తెమల్చుకోవడానికి 35 కోట్ల డాలర్లు ఒప్పుకున్న సంస్థకు. ఇవ్వనంటే లైనుకు ఐదు డాలర్లు ఎక్కువ కట్టాలి. ఇంగ్లిషులో దీన్ని డిస్కౌంట్ అంటారట.

ఇక రుసుములు. వెరిజాన్ బిల్లులో 'అడ్మినిస్ట్రేటివ్ ఛార్జ్' అని ఒక వరుస. 2005లో 40 సెంట్లు. 2022కల్లా లైనుకు 3 డాలర్ల 30 సెంట్లు. పన్నుల పొరుగునే పన్ను వేషం కట్టుకుని బుద్ధిగా నిలబడుతుంది. పన్ను కాదు. నేరుగా కంపెనీ జేబులోకే. కస్టమర్లు కోర్టుకెక్కితే 10 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. తప్పు ఒప్పుకున్నారా? లేదు. ఛార్జీ ఎత్తేశారా? భలేవారే!

అవునూ, మీరు బిల్లు పీడీఎఫ్ తెరిచి ఎన్నాళ్లయింది? ఇండియన్ స్టోర్‌లో కొత్తిమీర కట్ట పది సెంట్లు పెరిగితే కౌంటర్ దగ్గర నిలదీసే శూరులం మనం. ఫోన్ బిల్లు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆటోపే పెట్టి కళ్లు మూసుకుంటాం.

అన్నిటికన్నా పెద్ద బూతు మాట 'అన్‌లిమిటెడ్'. ఏటీ అండ్ టీ అలాగే అమ్మింది. కొందరికి నెలలో 2 జీబీ దాటగానే వేగం పీక నొక్కిందని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2014లో కేసు పెట్టింది. బాధితులు 35 లక్షల మంది. ఐదేళ్లు సాగదీసి, 2019లో 6 కోట్ల డాలర్లతో చేతులు దులుపుకున్నారు. భాగిస్తే తలా 17 డాలర్లు. పిజ్జాకు వస్తుంది. టాపింగులు అదనం.

మన పొరుగు కథ వినండి. ఫ్రీమాంట్ దక్షిణాన వార్మ్ స్ప్రింగ్స్ దాటితే మిల్పిటాస్, అంటే శాంటా క్లారా కౌంటీ. 2018 వేసవిలో ఆ కౌంటీ అగ్నిమాపక దళం మెండొసినో కాంప్లెక్స్ కార్చిచ్చు మీదికి వెళ్లింది. ఎవరెక్కడున్నారు, ఏ బండి ఎటు పోవాలి అని చూసుకునే వాహనం ఒకటి వెంట ఉంది, ఓఈఎస్ 5262. అందులో ఉన్నది వెరిజాన్ వారి 'అన్‌లిమిటెడ్' డేటా. కోటా దాటిందని వేగాన్ని రెండువందలో వంతుకు దించేశారు. అడవి తగలబడుతోంది మహాప్రభో, వేగం పెంచండి అని దళం మొత్తుకుంది. జవాబేమిటి? పెద్ద ప్లాన్‌కు మారండి! అప్పటిదాకా కట్టేదానికి రెండింతలకు పైన, నెలకు 99.99 డాలర్లు. అదీ మొదటి 20 జీబీకే. ఆపైన జీబీకి 8 డాలర్లు. మంటల మధ్య నిలబడి ప్లాన్లు పోల్చుకోవాలన్నమాట. గొడవ పేపర్లకెక్కాక, కస్టమర్ సర్వీసులో పొరపాటు జరిగిందన్నారు. అత్యవసర వేళల్లో అగ్నిమాపక దళాల డేటాకు అడ్డం పడొద్దని 2019లో కాలిఫోర్నియా చట్టమే చేయాల్సి వచ్చింది. ఇంత ఇంగితానికి కూడా చట్టం కావాలా?

పోనీ, మాట మీద నిలబడేవాళ్లు లేరా? ఎందుకు లేరు! 2017లో టీ-మొబైల్ 'అన్-కాంట్రాక్ట్' అంటూ చాటింపు వేసింది. మీరు మార్చుకుంటే తప్ప మీ రేటు మారదంది. 2024లో పాత ప్లాన్లకు లైనుకు రెండు నుంచి ఐదు డాలర్లు వడ్డించింది. మాట తప్పారా? రామరామ! రేటు పెంచినందుకు మీరు వదిలేసి పోతే ఆఖరి నెల బిల్లు మేం కడతాం, మా హామీ అంతే అన్నారు. ఏడడుగులు నడిచినప్పటి ప్రమాణం విడాకుల ఖర్చు పెట్టుకోవడానికేనట.

కంపెనీ మారతారా? ముందు ఆ 'ఉచిత' ఫోను సంగతి తేల్చండి. వెరిజాన్, ఏటీ అండ్ టీల్లో దాని ధర 36 నెలల క్రెడిట్లుగా తీరుతుంది. మధ్యలో పోతే మిగతాది కక్కాలి. హెచ్1బీ కూడా మూడేళ్లే. కాకపోతే అందులో యజమానిని మార్చుకోవచ్చు.

అసలు మారి ఎక్కడికి పోతారు? టీ-మొబైల్, స్ప్రింట్ కలవకూడదని కాలిఫోర్నియా, న్యూయార్క్‌లు ముందుండి కోర్టుకెళ్లాయి. 2020 ఫిబ్రవరిలో జడ్జి విక్టర్ మరేరో కలుసుకోమన్నారు. పోటీ మాటేమిటంటే, నాలుగో కంపెనీగా డిష్ వస్తుంది కదా అన్నారు. బూస్ట్ మొబైల్‌ను దాని చేతిలో పెట్టారు. 2025 ఆగస్టులో డిష్ మాతృసంస్థ ఎకోస్టార్ దాదాపు 2,300 కోట్ల డాలర్లకు స్పెక్ట్రమ్ అమ్మకం ఖాయం చేసుకుంది. కొనేదెవరు? ఏటీ అండ్ టీ!

చిన్న కంపెనీ చూసుకుంటారా? మింట్‌ను 2024లో టీ-మొబైల్ కొనేసింది. మెట్రో కూడా దానిదే. విజిబుల్ వెరిజాన్‌ది. ట్రాక్‌ఫోన్‌నూ 2021లో వెరిజానే మింగింది. క్రికెట్ ఏటీ అండ్ టీది. షీట్‌లో పది వరుసలు, డబ్బు చేరేది మూడిళ్లకే. పైగా అదే టవర్, దాదాపు సగం రేటు. రద్దీ వేళ వెనక వరుసలో కూర్చోవాలి, అంతే. అంటే అసలు బోర్డు కింద ఇన్నాళ్లూ రెట్టింపు కట్టింది దేనికి?

ఊళ్లో నయమంటారా? అక్కడ నెలకు 28 రోజులే. ఏడాదికి 13 రీఛార్జులు. 2024 జులైలో జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా ఒకరి వెంట ఒకరు రేట్లు పెంచాయి. దొంగ లెక్కలకు వీసా అక్కర్లేదు.

చివరికి ప్రభుత్వం కళ్లు నులుముకుంది. ఆహార పొట్లాల మీద ఉన్నట్టే ప్రతి ఇంటర్నెట్ ప్లాన్‌కూ, సెల్‌ఫోన్ డేటాతో సహా, ఒక రేటు చీటీ ఉండాలని టెలికం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నిబంధన పెట్టింది. పెద్ద కంపెనీలకు 2024 ఏప్రిల్ 10 నుంచి అమలు. ధర ఎంత, రుసుములేవి, వేగమెంత, అన్నీ ఒక్క చోట. బాగుంది కదూ? 2025 అక్టోబరులో అదే ఎఫ్‌సీసీ నిబంధనలు సడలిద్దామని ప్రతిపాదించింది. ప్రాంతాన్ని బట్టి మారే రుసుములను విడివిడిగా చూపక్కర్లేదట. ఫోన్ చేసిన కస్టమర్‌కు చీటీ చదివి వినిపించక్కర్లేదట. పాపం, కంపెనీలకు భారమట.

కొనబోయేవాడికి ఆ రుసుములు చెప్పడం భారమా? మరి కొన్నాక ప్రతి నెలా సెంటు పొల్లుపోకుండా బిల్లులో ఎలా వేస్తున్నారు?