ఈ సలహాలు చెవిన పెట్టకండి

"అర్హతలేం అక్కర్లేదు, పిల్లలంటే ప్రేమ ఉంటే చాలు." నేపాల్‌లోనో కంబోడియాలోనో ఒక అనాథాశ్రమంలో కొన్ని వారాలు సేవ చేసి వద్దామనుకునే కుర్రాళ్లకు మొదట వినబడే సలహా ఇది. హైదరాబాద్‌లో ఉద్యోగానికి సెలవు పెట్టి బయల్దేరేవాళ్లకూ, డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో చదువుకుంటూ కాలేజీ దరఖాస్తులో ఒక మంచి పని చూపించుకోవాలనుకునే మన పిల్లలకూ ఏజెన్సీలు చెప్పేది ఇదే, వెళ్లొచ్చిన స్నేహితులు చెప్పేదీ ఇదే. వెళ్లేవాళ్ల మనసు మంచిదే. సలహాయే చెడ్డది.

మన ఇంట్లో రెండేళ్ల బిడ్డ దగ్గరికి కొత్త మనిషి వస్తే ఏం చేస్తుంది? అమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని వెనక దాక్కుంటుంది. కాసేపటికి తొంగి చూస్తుంది. ఇంకాసేపు గడిస్తే గానీ చేయి అందించదు. చక్కగా పెరుగుతున్న బిడ్డ లక్షణం అది. ఆశ్రమంలో అలా కాదు. గేటు తీయగానే నాలుగేళ్ల పిల్ల పరుగున వచ్చి, పేరైనా తెలియని మీ కాళ్లు చుట్టేసి, ఎత్తుకోమని చేతులు చాస్తుంది. మీ గుండె కరిగిపోతుంది. "ఎంత ప్రేమో చూడు" అని ఇంటికి ఫోన్ చేసి చెబుతారు. ఆ పరుగు చూసి భయపడాలి. తనదంటూ ఒక మనిషి లేక, ఎవరు దొరికితే వాళ్లను పట్టుకోవడం అలవాటైపోయిన బిడ్డ అలా చేస్తుంది. మీరు రెండు వారాలు ఎత్తుకు తిప్పి, కథలు చెప్పి నిద్రపుచ్చి, వెళ్లిపోతారు. మీ వెనక ఇంకొకరు వస్తారు, వాళ్లూ వెళ్లిపోతారు. ఏడాది తిరిగేసరికి ఎంతమందిని పోగొట్టుకుంటుందో ఆ పిల్ల!

రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000లో మొదలైన పరిశోధన ఒకటుంది. ఆశ్రమాల్లో ఉన్న 136 మంది పసివాళ్లలో సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపి, అందరినీ ఏళ్ల తరబడి గమనించారు. కుటుంబాల్లోకి వెళ్లినవాళ్లు, ముఖ్యంగా రెండేళ్లు నిండకముందే వెళ్లినవాళ్లు, తెలివితేటల్లోనూ మనుషులతో అనుబంధం పెంచుకోవడంలోనూ మెరుగుపడ్డారు. బిడ్డకు కావలసింది రోజూ కనబడే అదే ముఖం. వారాల లెక్కన వచ్చిపోయే ఎవరూ ఆ ముఖం కాలేరు.

రెండో సలహా మరీ ఘోరమైనది. "పాపం, వాళ్లకు ఎవరూ లేరు, మీరే దిక్కు" అంటారు. ఎవరూ లేరని ఎవరు చెప్పారు? కంబోడియాలో 2015 నాటి ప్రభుత్వ లెక్కల ప్రకారం 406 ఆశ్రమాల్లో 16,579 మంది పిల్లలున్నారు. వాళ్లలో 13 నుంచి 17 ఏళ్ల వాళ్లను తీసుకుంటే, దాదాపు 80 శాతం మందికి అమ్మో నాన్నో బతికే ఉన్నారు. నేపాల్‌లోనూ ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో అత్యధికులది ఇదే కథ.

ఆ కథ ఎలా మొదలైందో చెప్పాలంటే హుమ్లా దాకా వెళ్లాలి. నేపాల్ వాయవ్య మూలన, టిబెట్ సరిహద్దులో ఉన్న కొండ జిల్లా అది. చాలా కాలం పాటు జిల్లా కేంద్రం సిమీకోట్‌కు చిన్న విమానంలో వెళ్లాల్సి వచ్చేది, లేదా రోజుల తరబడి నడవాల్సి వచ్చేది. 1996 నుంచి 2006 దాకా మావోయిస్టుల అంతర్యుద్ధం నడిచినప్పుడు, పిల్లల్ని పోరులోకి లాక్కుపోతారేమోనని తల్లిదండ్రులు వణికిపోయారు. అప్పుడు దళారులు దిగారు. "కాఠ్మాండూలో మంచి బడి ఉంది, హాస్టల్లో పెట్టి చదివిస్తాం" అన్నారు. తల్లిదండ్రులు ఉన్నదమ్ముకుని, అప్పుచేసి వాళ్ల చేతిలో డబ్బు పెట్టారు. బిడ్డలు నగరం చేరాక, బతికున్న అమ్మానాన్నలు చనిపోయినట్టు కాగితాలు పుట్టాయి. పేరు మారింది. అక్కడ కొండమీద తల్లి బిడ్డ చదువుకుంటున్నాడనుకుంటోంది, ఇక్కడ బిడ్డ మీ ముందు అనాథగా నిలబడి పాట పాడుతున్నాడు.

అమెరికా నుంచి స్వచ్ఛంద సేవకే వచ్చిన కానర్ గ్రెనన్‌కు ఈ సంగతి తెలిసింది ఆ పిల్లల మధ్యనే. ఆయన హుమ్లా కొండలెక్కి తల్లిదండ్రులను వెతికాడు. పిల్లల్ని ఇళ్లకు చేర్చడానికి నెక్స్ట్ జనరేషన్ నేపాల్ అనే సంస్థ పెట్టాడు. ఆస్ట్రేలియా అమ్మాయి టారా వింక్లర్ కూడా అంతే. కంబోడియాలోని బట్టంబాంగ్‌లో తానే ఆశ్రమం పెట్టింది. ఆ పిల్లలకు కుటుంబాలున్నాయని గ్రహించి దారి మార్చుకుంది. ఇప్పుడు ఆశ్రమాల కాలం ముగియాలని వేదికలెక్కి చెబుతోంది. మనవాళ్లు అడగాల్సింది ఇలాంటివాళ్ల సలహా.

"ఎంత ఎక్కువ కడితే పిల్లలకు అంత మేలు" అన్న మాట కూడా నమ్మకండి. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. నేపాల్‌లో ఆశ్రమాలు ఎక్కడున్నాయో చూడండి. పేదరికం ఎక్కువున్న మారుమూల జిల్లాల్లో కాదు. కాఠ్మాండూ లోయలో, పోఖరాలో, చిత్వన్‌లో, అంటే పర్యాటకులు తిరిగే చోటే గుంపుగా ఉన్నాయి. కంబోడియాలో 2005 నుంచి 2010 వరకు అయిదేళ్లలో ఆశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగింది. అంతమంది తల్లిదండ్రులు చచ్చిపోయారా? పర్యాటకులు పెరిగారు, వాళ్లతో పాటు ఆశ్రమాలు పెరిగాయి. మీరు కట్టే రుసుము ఆశ్రమంలో ఖాళీ మంచాన్ని నింపమని దళారికి ఇచ్చే బయానా. విరాళాలు తగ్గకూడదని పిల్లలకు చాలీచాలని తిండి పెట్టి, చినిగిన బట్టలతో ఉంచే యజమానులున్నారు. బిడ్డ కడుపునిండా తిని మంచి చొక్కా వేసుకుంటే జేబులోంచి డబ్బు తీసేవాడుండడని వాళ్ల లెక్క. 2018లో ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చినప్పుడు ఆస్ట్రేలియా ఈ వ్యాపారాన్ని కూడా బానిసత్వం కిందే గుర్తించింది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కూడా అనాథాశ్రమాల్లో ఇలాంటి స్వచ్ఛంద సేవ, పర్యాటకం వల్ల పిల్లలకు కలిగే హాని గురించి తీర్మానంలో హెచ్చరించింది.

"టూరిస్టు వీసా సరిపోతుంది, ఎవరూ అడగరు" అనేవాళ్లకు దూరంగా ఉండండి. నేపాల్‌లో టూరిస్టు వీసా మీద జీతం లేని పని చేసినా నేరమే. భారతీయ పాస్‌పోర్టుకు వీసాయే అక్కర్లేదు కాబట్టి మనకింకా సులువంటారు. వీసా సంగతి పక్కన పెట్టినా, మిమ్మల్ని ఏ పోలీసు ధ్రువపత్రం లేకుండా పసిపిల్లల గదిలోకి పంపిన ఆశ్రమం, రేపు ఇంకెవరినైనా అలాగే పంపుతుంది. పిల్లల్ని చెరచడానికే ఇలాంటి గేట్లు వెతుక్కునే మనుషులున్నారు. మన పిల్లల బడిలోకి ఒక అపరిచితుణ్ని అలా రానిస్తామా?

ఫొటోల గురించి ఒక్క మాట. ఆ పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని తీసుకున్న ఫొటో ఇన్‌స్టాలో పెట్టకండి. మన దేశంలోనైతే ఇలాంటి పిల్లలెవరో బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం.

ఇంతవరకు చదివి, "అయితే విదేశమెందుకు, మన ఊళ్లో ఆశ్రమంలోనే పుట్టినరోజు చేద్దాం" అంటారా? ఆ సలహా కూడా వద్దు. మీ అబ్బాయి కొత్త బట్టలు కట్టుకుని అమ్మానాన్నల మధ్య నిలబడి కేకు కోస్తుంటే, వరుసలో కూర్చున్న ముప్పై మంది పిల్లలు చప్పట్లు కొట్టి పాడాలి, తర్వాత ప్లేటు పట్టుకోవాలి, ఫొటోకు నవ్వాలి. వచ్చే ఆదివారం ఇంకో ఇంటివాళ్ల కోసం మళ్లీ అదే. తమకు లేనిదేమిటో వారం వారం వాళ్లకు చూపించి రావడం దానం కాదు.

ఆశ్రమాలు మూసేస్తే పిల్లలు రోడ్డున పడరా అని అడుగుతారు. రాత్రికి రాత్రి మూసేయమని ఎవరూ అనడం లేదు. ఒక్కొక్క బిడ్డ ఊరు, ఇల్లు కనుక్కుని, ఆ ఇల్లు నిలదొక్కుకునేలా చూసి పంపాలి. నిజంగా తల్లీతండ్రీ పోయినా చాలామందికి అమ్మమ్మో మేనమామో పిన్నమ్మో ఉంటారు. వాళ్లకు కావలసింది నెలనెలా కాస్త ఆసరా. మన దేశంలో మిషన్ వాత్సల్య పథకం అర్హత ఉన్న అలాంటి కుటుంబాలకు బిడ్డకు నెలకు 4,000 రూపాయలు ఇస్తోంది. మీ వీధిలో అలాంటి అమ్మమ్మ ఉంటే జిల్లా బాలల సంరక్షణ విభాగానికి తీసుకెళ్లి దరఖాస్తు చేయించండి. కాస్త ఓపికగా తిరిగితే అయ్యే పని అది.

మీరు శిశు వైద్యులో, మానసిక నిపుణులో, సామాజిక కార్యకర్తలో అయితే అక్కడి సిబ్బందికి మీ విద్య నేర్పి రండి, పిల్లల గదిలోకి వెళ్లకుండానే. మీకు ఆ నైపుణ్యం లేకపోతే, విమాన టికెట్ డబ్బు పిల్లల్ని ఇంటికి చేర్చే సంస్థకు పంపండి. ఇప్పటికే ఏజెన్సీకి డబ్బు కట్టేసి ఉంటే, అది తిరిగి రాకపోయినా సరే, ప్రయాణం మానుకోండి. ఎందుకు మానుకున్నారో ఆ ఏజెన్సీకి రాతపూర్వకంగా చెప్పండి.